మూడు రోజులు పూజలో ఉన్న కంప్యూటరు

ఈమధ్య ఏ వస్తువు కొన్నా దానికి స్క్రూలు ఉండటం లేదు. మొన్న గోడ గడియారం ఆగిపోతే దించి తిప్పి చూశాను. బ్యాటరీ పెట్టే గుంట తప్ప వెనకాల ఇంకేమీ లేదు. మిగతాదంతా జిగురుతో అతికించేశారు. షాపుకి తీసుకెళ్తే అతను చేత్తో కూడా పట్టుకోకుండా, "ఇది రిపేరు చేసేది కాదు సార్, పారేసేది," అన్నాడు, అదేదో మోడల్ పేరన్నట్టు. నా దగ్గర చిన్నా పెద్దా కలిపి ఏడు స్క్రూడ్రైవర్లున్నాయి. పని లేక సొరుగులో పడి ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి.

ఈ చాదస్తం నాకు మా నాన్న దగ్గర నుంచి వచ్చింది. ఆయన పామర్రు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ప్రపంచంలోని వస్తువులన్నీ ఆయన దృష్టిలో రెండే రకాలు: మన ఎదురుగా విప్పి చూపించేవి, చూపించనివి. రెండో రకాన్ని గడప దాటనిచ్చేవారు కాదు. మా ఇంట్లో రేడియో, మిక్సీ, టేబుల్ ఫ్యాను, అన్నీ కొనేముందు నాన్న సమక్షంలో ఒకసారి పొట్ట విప్పించుకుని, మళ్ళీ బిగించుకుని వచ్చినవే. వాటిలో ఒకటి రెండు ఆ తర్వాత ఎప్పుడూ సరిగ్గా పనిచెయ్యలేదు. కానీ లోపల ఏముందో మాకు తెలుసు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను విజయవాడలో ఎం.సి.ఏ. చదువుతున్నాను. పొద్దున బందరు నుంచి వచ్చే బస్సు పామర్రులో ఎక్కితే ఉయ్యూరు, కంకిపాడు మీదుగా నిలబడి నిలబడి కాలేజీకి చేరేవాణ్ణి. ల్యాబులో ముగ్గురికో కంప్యూటరు. ఒకడు కీబోర్డు, ఒకడు మౌసు, మూడోవాడు సలహాలు. నేను ఎప్పుడూ మూడోవాణ్ణే. రెండేళ్ళు సలహాలు చెప్పాక, ఇంట్లో సొంత కంప్యూటరు ఉంటే తప్ప చదువు ముందుకు సాగదని ఒక రోజు అన్నం దగ్గర ప్రకటించాను.

నాన్న పెరుగు కలుపుకుంటూ, "విప్పి చూపిస్తారా?" అన్నారు. అంటే ఒప్పుకున్నట్టే.

ముందు విజయవాడ బందరు రోడ్డులో ఒక పెద్ద షోరూముకి వెళ్ళాం. అద్దాల తలుపు, లోపల ఏసీ. నాన్న ఎవరూ అడక్కుండానే చెప్పులు బయట విడిచారు. నేను విడవలేదు. విడిచిన ఆయన నిబ్బరంగా ఉన్నారు, విడవని నేను ఇబ్బంది పడ్డాను. టై కట్టుకున్న సేల్స్‌మన్ మెమరీ గురించి, స్పీడు గురించి పావుగంట చెప్పాడు. నాన్న అంతా విని, "ఒకసారి విప్పి చూపిస్తారాండీ?" అన్నారు.

"సీలు తీస్తే వారంటీ పోతుంది సార్."

"మరి తియ్యకుండా లోపల ఇవన్నీ ఉన్నాయని మీకెలా తెలుసు?"

"కంపెనీవాళ్ళు చెప్పారు సార్."

"అలాగా," అన్నారు నాన్న, బట్టీపట్టి వచ్చిన విద్యార్థితో అన్నట్టు. బయటికొచ్చి చెప్పులేసుకున్నారు.

అక్కడి నుంచి తిన్నగా వన్‌టౌన్‌లో ఒక సందులోకి తీసుకెళ్ళారు. ఆ సందులో నాన్నకి ఇరవై ఏళ్ళుగా తెలిసిన ఒక గడియారాల రిపేరు షాపుంది. నాన్న చేతి గడియారాన్ని అప్పటికి ఎన్నోసార్లు విప్పి బిగించిన పెద్దాయన అందులో కూర్చుని ఉండేవారు. తెల్లటి గడ్డం, కంటికి బిగించుకున్న చిన్న భూతద్దం. నాన్న ఆయన్ని "భాయ్" అనేవారు, ఆయన నాన్నని "మాస్టారు" అనేవారు. ఇరవై ఏళ్ళ స్నేహంలో ఇద్దరూ ఇంతకు మించి ముందుకు వెళ్ళలేదు, వెళ్ళాలని కూడా అనుకోలేదు.

సెల్‌ఫోన్లొచ్చి జనం చేతి గడియారాలు మానేస్తున్న రోజులవి. అందుకని షాపుని మధ్యకి పంచారు. ముందు సగం భాయ్‌ది, వెనక సగం ఆయన కూతురిది. ఆమె పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, అక్కడే కంప్యూటర్లు బిగించేది. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదై ఉంటుంది. నెత్తి మీద చున్నీ, చేతిలో స్క్రూడ్రైవరు, మొహంలో తొందరగా తేల్చండి అన్న భావం.

"విప్పి చూపిస్తావా అమ్మా?" అన్నారు నాన్న.

"విప్పేదేముంది మాస్టారూ, ఇంకా బిగించలేదుగా," అందామె. బల్ల మీదున్న ముక్కల్ని ఒక్కొక్కటే ఎత్తి చూపించింది. ఇది బుర్ర, ఇది జ్ఞాపకం, ఇది కరెంటు అందించే డబ్బా, ఇది మీవాడు చేసిందంతా దాచుకునే పెట్టె. నాన్న కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్కదాన్నీ ఆన్సరు పేపరు చూసినట్టు చూశారు. షోరూమాయన పావుగంటలో చెప్పలేనిది ఆమె రెండు నిమిషాల్లో చెప్పింది. నేను మూడేళ్ళ కోర్సు మొత్తంలో నేర్చుకున్నది కూడా దానికి కొద్దిగా మాత్రమే ఎక్కువ.

"సీలు వేస్తావా?"

"నేను బిగించిందానికి సీలెందుకండీ? విప్పాలంటే మళ్ళీ నా దగ్గరికే రావాలిగా."

నాన్నకి ఆ జవాబు నచ్చింది. కంప్యూటరు ఎంపిక అంతటితో అయిపోయింది. రంగు గురించి నన్నడిగారు. ఉన్నది ఒకటే రంగు.

డబ్బు కట్టాక ఆమె అసలు సంగతి చెప్పింది. "మాస్టారూ, మీ ఊళ్ళో కరెంటు ఎట్లా వస్తుందో నాకు తెలుసు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో బాగానే బయల్దేరుతుంది, మీ దాకా వచ్చేసరికి దాని ఇష్టం. ముందు ఎర్త్ సరిగ్గా వేయించండి. గొయ్యి తీయించి, ఉప్పూ బొగ్గులూ పొరలు పొరలుగా వేసి, రోజూ నీళ్ళు పోయాలి. వంటింటికి దూరంగా పెట్టండి, తాలింపు పొగ తగలకూడదు. సీపీయూ నిలబెట్టే ఉంచండి. గాలాడనివ్వండి." తర్వాత నా వైపు తిరిగి, "మీరు అప్పుడప్పుడూ దాంతో చదువుకోండి," అంది. ఆమె వేళాకోళమాడుతోందో లేదో అప్పటికీ తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

తిరుగు బస్సులో మానిటరు నా ఒళ్ళో, సీపీయూ నాన్న ఒళ్ళో ప్రయాణం చేశాయి. కంకిపాడు దగ్గర ఒకాయన, "టీవీనా మాస్టారూ?" అన్నాడు. "కాదు, కంప్యూటరు," అన్నారు నాన్న. బస్సులో నాలుగు వరుసలకి వినపడేంత మామూలుగా. ఉయ్యూరు దాటేసరికి నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. కిటికీలోంచి వరి చేలు, కాలవ పక్కన వరసగా తాటిచెట్లు. అప్పుడే ఊడ్చిన చేలల్లో నీళ్ళు మెరుస్తున్నాయి. చాలా ప్రయాణాలు చేశాను గానీ ఒళ్ళో అంత బరువు పెట్టుకుని అంత తేలిగ్గా ఎప్పుడూ వెళ్ళలేదు.

దాన్ని కాపాడే పని అమ్మ తీసుకుంది. పెరట్లో ఎర్త్ గొయ్యి తీయించింది. రోజూ పొద్దున్నే మందార మొక్కకి ఒక చెంబు, ఎర్త్‌కి ఒక బకెట్టు. కుట్టుమిషను మీద కర్టెన్ గుడ్డతో మానిటరుకి ఒకటి, సీపీయూకి ఒకటి, కీబోర్డుకి ఒకటి కవర్లు కుట్టి బొందులు పెట్టింది. మౌసుకి చిన్న సంచీ కుట్టింది, తోక బయటికి రావటానికి కన్నంతో సహా. నేను కూర్చోబోయే ముందు ఈ బొందులన్నీ విప్పాలి, లేచాక కట్టాలి. ఆ పనికి అయిదు నిమిషాలు పట్టేది. కొన్ని రోజులు నేను చేసిన చదువు అదే.

ఇక ప్రాజెక్టు సంగతి చెప్పాలి, తప్పదు.

మూడో ఏడు అందరూ ఒక ప్రోగ్రాం తయారుచేసి చూపించాలి. మావాళ్ళలో ఎక్కువమంది లైబ్రరీ పుస్తకాల లెక్క మీద చేశారు. ఆ మూడేళ్ళలో లైబ్రరీ మొహం చూడనివాళ్ళు కూడా. నేను కాస్త కొత్తగా ఉంటుందని, కాలవ నీళ్ళ వంతులు తీసుకున్నాను. ఏ కాలవకి ఏ రోజు ఎన్ని గంటలు నీళ్ళు వదలాలో, ముందు ఎవరి చేలకి, తర్వాత ఎవరికో కంప్యూటరు చెప్పాలి. కృష్ణా డెల్టాలో పుట్టినవాడికి ఇది నీళ్ళు తాగినంత సులువనుకున్నాను. మొదటి రివ్యూలో మా సారు తెరలోకి వంగి, చాలాసేపు చూసి, "ఏమయ్యా, సముద్రంలోంచి తీసి బ్యారేజీకి పంపిస్తున్నావేంటి?" అన్నారు. నిజమే. నా ప్రోగ్రాంలో నీళ్ళు హంసలదీవిలో బయల్దేరి బెజవాడ వస్తున్నాయి.

క్లాసంతా నవ్వాక, సారు ఇంకో అవకాశమిచ్చారు. దసరా సెలవులయ్యాక తెరిచిన మొదటి రోజు మళ్ళీ చూపించాలి. అప్పుడూ కుదరకపోతే ఆ సెమిస్టరు పోయినట్టే. వచ్చే ఏడు జూనియర్ల పక్కన కూర్చోవాలి. ఇంట్లో ఇది చెప్పాను. చెప్పనిది ఒకటుంది. వినాయక చవితి ముందు రోజు కూర్చుని కాలవ దిశ తిప్పుదామని రెండు వరసలు రాశాను, అది ఇంకా పాడైంది. మూసేశాను. ఆ తర్వాత ఆ ఫోల్డరు జోలికి పోలేదు.

కంప్యూటరు ముందు కూర్చోలేదని కాదు. పొద్దున్నా సాయంత్రమూ కూర్చునేవాణ్ణి. పేకముక్కల ఆటలో నా అంత నిష్ఠ ఉన్నవాడు ఆ రోజుల్లో పామర్రులో ఇంకొకడు ఉండడు. అమ్మ మజ్జిగ తెస్తున్న చప్పుడైతే ఆట మూసి చేతులు కట్టుకునేవాణ్ణి. కాసేపు కదపకపోతే తెర మీద వాటంతటవే రంగురంగుల గొట్టాలు మొలిచి, మలుపులు తిరుగుతూ తెరంతా అల్లుకునేవి. ఖాళీగా ఉన్నప్పుడు కంప్యూటరు వేసుకునే బొమ్మ అది. అమ్మ దాన్నే నా ప్రాజెక్టు అనుకుంది.

"ఎక్కడిదాకా వచ్చాయిరా?" అనేది, గ్లాసు బల్ల మీద పెడుతూ.

"కూచిపూడి దాటాయమ్మా."

"అంత తొందరగానా!" అని సంతోషంగా వెళ్ళిపోయేది. మావాడు కాలవలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాడని వీధంతా చెప్పింది. ఎదురింటి రైతు ఒకాయన నన్ను ఆపి, "మా శివారు చేలకి నీళ్ళు ఎప్పుడు వదులుతున్నావు బాబూ?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, కొద్దిగా ఆశ కూడా ఉంది.

అలా దసరా వచ్చింది. మూలా నక్షత్రం రోజు మా ఇంట్లో సరస్వతీ పూజ. పుస్తకాలూ పెన్నులూ అమ్మవారి పటం ముందు పెడితే, మళ్ళీ దశమి నాడు ఉద్వాసన చెప్పేదాకా ముట్టుకోకూడదు. చిన్నప్పుడు నాకు అన్ని పండగల్లోకీ ఇదే ఇష్టం. చదవొద్దని పెద్దవాళ్ళే చెప్పే మూడు రోజులు ఏడాది మొత్తంలో ఇంకెప్పుడూ రావు. ఏ లెక్కలంటే భయమో ఆ పుస్తకం అన్నిటికంటే అడుగున పెట్టేవాణ్ణి.

ఆ ఏడు అమ్మ, "కంప్యూటరు కూడా పెట్టాలి," అంది.

నాన్న ఆలోచించారు. "వాడికి రివ్యూ ఉందిగా. నాలుగు రోజులే ఉంది."

"చదువుకునే వస్తువు కాదూ? దాన్ని వదిలేసి లాగరిథమ్ పుస్తకానికి బొట్టు పెడితే అమ్మవారేమనుకుంటుంది?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను కాస్త బెట్టు చేసి ఒప్పుకున్నాను. "దాదాపు అయిపోవచ్చిందిలే," అన్నాను. ఆ మాట అనవలసిన అవసరం లేదు. అయినా అన్నాను.

కంప్యూటర్ని స్నానం చేసిన చేతులతో మోసుకొచ్చి పీట మీద పెట్టాం. నిలబెడితే సీపీయూ అమ్మవారి పటానికి అడ్డమొస్తోంది. అందుకని పక్కకి పడుకోబెట్టారు. కవరు తీసేయమంది అమ్మ. "కవరు మీద వేస్తే అక్షింతలు కవరుకే తగులుతాయి," అంది. గాలాడటానికి పక్క రేకుకి సన్నని చీలికలుంటాయి. పడుకోబెట్టేసరికి అవి పైకొచ్చాయి, జల్లెడలాగా. ఆ సంగతి మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. కంప్యూటర్ల మీద మూడేళ్ళ చదువు చదువుతున్నవాడు ఆ ముగ్గురిలో ఒకడు.

మూడు రోజులు, పూటకోసారి, ముగ్గురం గుప్పెడేసి అక్షింతలు వేశాం. మానిటరుకి కుంకుమ బొట్టు, కీబోర్డుకి పసుపు, మౌసుకి కూడా. చుట్టూ చామంతులు పెడితే కంప్యూటరు నిజంగా అందంగా ఉంది. ఒక పక్క నాన్న సుద్దముక్కల డబ్బా, ఇంకో పక్క అమ్మ కత్తెర. ఆ మూడు రోజులూ నేను హాయిగా ఉన్నాను. అంత హాయిగా ఉండటానికి నాకు ఏ హక్కూ లేదని తెలిసి ఉండటం వల్ల ఇంకొంచెం హాయిగా ఉన్నాను.

దశమి నాడు ఉద్వాసన చెప్పి, అమ్మ అన్ని వస్తువుల్నీ చేత్తో కొద్దిగా కదిపింది. కంప్యూటర్ని యథాస్థానంలో నిలబెట్టి వైర్లు తగిలించి మీట నొక్కాను. లోపల మరమరాలు నములుతున్నట్టు కరకరమంది. ఆగింది. బియ్యం వేయించిన కమ్మటి వాసనొచ్చింది. చిన్న పచ్చదీపం ఒకసారి వెలిగి ఆరిపోయింది.

నాకు మొదట కలిగింది బాధ కాదు. ఇన్నాళ్ళ తర్వాత అబద్ధం చెప్పడమెందుకు? రివ్యూలో సారు ముందు నిలబడి చెప్పడానికి ఒక కారణం దొరికింది. అందులో నా తప్పు వీసమెత్తు లేదు. పైగా భక్తితో కూడుకున్న కారణం. ఏ సారూ కాదనలేడు.

"ఫ్లాపీల్లో ఇంకో కాపీ ఉండాలి కదరా?" అన్నారు నాన్న.

"వాటికీ పసుపు రాసి బొట్టు పెట్టానండీ," అంది అమ్మ, నెమ్మదిగా. చూస్తే, నిజమే, పది ఫ్లాపీలకి పది బొట్లు. తడి పసుపు రేకు కిందికి ఇంకి గట్టిపడింది. వాటిలో ఉన్నది ముక్కలు ముక్కలుగా కాపీ చేసుకున్న ఒక కారు పందేల ఆట. అది నేను చెప్పలేదు.

అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. "నీ కాలవలన్నీ పోయాయా?"

లేదని ఒక్క మాట అంటే సరిపోయేది. పోవడానికి అక్కడ కాలవలు ఉంటేగా! నేను, "చూడాలమ్మా," అన్నాను. బరువుగా.

ఆ పూట గారెలు, పులిహోర, పరమాన్నం. మాకు వడ్డించింది, తను ముట్టలేదు. సాయంత్రమూ లేదు. "నా చేతులతో నేనే వేశాను," అని ఒకసారి అంది, ఎవరితోనో తెలియకుండా. మర్నాడు ఏకాదశి, ఉపవాసమంది. ఆ ఏడాది మొత్తం మీద ఆవిడ ఏకాదశి ఉపవాసం ఉన్నది అదొక్కటే. "కావాలంటే నేను కాలేజీకొచ్చి మీ సారుకి చెబుతాను. తప్పు నాదని రాసిమ్మన్నా రాసిస్తాను," అంది. నేను, "అక్కర్లేదులేమ్మా," అన్నాను, క్షమించినవాడిలా. నా జీవితంలో నేను వెనక్కి తీసుకోవాలనుకునే మాటలు చాలా ఉన్నాయి. వాటిలో ఇది మొదటి వరసలో కూర్చుంటుంది.

సీపీయూని దుప్పటిలో చుట్టి ఏకాదశి పొద్దున్నే నేనూ నాన్నా బస్సెక్కాం. రివ్యూ మర్నాడే. సెలవులు ముగించుకుని వెనక్కెళ్ళే జనంతో బస్సు కిక్కిరిసి ఉంది. నాన్నకి సీటు దొరికింది. పెట్టెని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ చుట్టి పట్టుకున్నారు. బస్సు గుంటలో పడ్డప్పుడల్లా దాన్ని కొద్దిగా పైకెత్తి పట్టుకునేవారు, కుదుపు తనకే తగిలేలా. నేను పై కడ్డీ పట్టుకుని అది చూస్తూ నిలబడ్డాను. ఉయ్యూరు దగ్గర చెప్పేద్దామనుకున్నాను. కంకిపాడు దగ్గర చెప్పేద్దామనుకున్నాను. బెజవాడ వచ్చేసింది.

షాపు తీసే ఉంది. నాన్న జరిగిందంతా చెప్పారు, అక్షింతలతో సహా. మా ఆవిడ నిన్నట్నుంచి అన్నం ముట్టలేదని కూడా చెప్పారు. "పిల్లాడు నెల రోజుల్నించి పొద్దస్తమానం కూర్చుని చేసిందమ్మా. రేపే చూపించాలి. ఎంతవరకు మిగిలిందో చూడు."

ఆమె నాలుగు స్క్రూలు తీసి పక్క రేకు ఎత్తింది. లోపల పసుపుపచ్చటి బియ్యం, ఫ్యాను రెక్కల్లో, తీగల సందుల్లో, బుర్రని చల్లబరిచే రేకుల మధ్యన, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ.

"నిలబెట్టే ఉంచమన్నాను కదండీ," అంది నాతో.

"అమ్మవారికి అడ్డమొచ్చిందమ్మా," అన్నారు నాన్న.

భాయ్ లేచి వచ్చారు. భూతద్దం కంటికి బిగించుకుని, గడియారాల సన్న పట్టకారు తీసుకుని, కూతురి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఒక్కొక్క గింజే తీయడం మొదలుపెట్టారు. ఆయన తీసినవి తీసినట్టు ఒక తెల్ల కాగితం మీద పెడుతున్నారు. ఆమె రబ్బరు బుడ్డితో గాలి కొడుతుంటే కింద రాలిన గింజల్ని కూడా ఏరి అందులోనే వేశారు.

"అయ్యో, వాటినెందుకు భాయ్, ఊడ్చేయండి," అన్నారు నాన్న.

"పూజ బియ్యం కదా మాస్టారూ. కాళ్ళ కింద పడకూడదు." కాగితాన్ని పొట్లం కట్టి నాన్న చేతికిచ్చారు. నాన్న దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి అలాగే ఉంచుకున్నారు.

ఆ తండ్రీకూతుళ్ళు అంత నేర్పుగా పనిచేస్తుంటే నాకు అంతకంతకీ భయమేస్తోంది. నా ఆశలన్నీ వాళ్ళ అసమర్థత మీద పెట్టుకున్నాను. అది ఎక్కడా కనపడటం లేదు.

"హార్డ్ డిస్కు పోయే ఉంటుందేమోనండీ. మీకెందుకు శ్రమ," అన్నాను.

"పోతే పోయిందని నేనే చెబుతాగా. మీకేం తొందర?" అంది తలెత్తకుండా.

"పోయినా పర్లేదండీ, సారుకి చెప్పుకుంటాను."

"చూశారా భాయ్," అన్నారు నాన్న, "మావాడు ధైర్యంగానే ఉన్నాడు."

ఆమె అప్పుడు తలెత్తి నా వైపు ఒకసారి చూసింది. కాలిపోయిన కరెంటు డబ్బా తీసేసి కొత్తది బిగించింది. ఫ్యాను మార్చింది. తన మానిటరుకి తగిలించి మీట నొక్కింది. ఫ్యాను తిరిగింది, ఏ గింజా నమలకుండా. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పడ్డాయి. తర్వాత నీలం తెర వచ్చింది, డిస్కు మొత్తం వెతికి తప్పులుంటే చెప్పేది. పచ్చ గీత ఒకటి ఎడమ నుంచి కుడికి మెల్లగా పాకుతోంది. నాన్న ముందుకి వంగి దాన్నే చూస్తున్నారు. ఆయన పెదాలు కదులుతున్నాయి. లెక్కల మాస్టారు, దేవుడి ముందు కూడా పెదాలు కదపని మనిషి.

గీత అవతలి అంచుకి చేరింది. తప్పులేమీ లేవు.

"ఫోల్డరు పేరేంటండీ?" అని అడిగింది నన్ను.

నేను బల్ల మీదున్న నాలుగు స్క్రూల్నీ వరసగా పేర్చడం మొదలుపెట్టాను. "కాలవలు," అన్నారు నాన్న. "కాలవలని ఉంటుంది చూడమ్మా."

తెరిచింది. లోపలివన్నీ వరసగా, పేర్లూ తేదీలూ కనపడేలా పెట్టింది. కిందికి దించింది, మళ్ళీ పైకి జరిపింది. బయట సందులో ఎవరో రిక్షా బెల్లు కొడుతున్నారు. భాయ్ పట్టకారు తుడిచి డబ్బాలో పెట్టుకుంటున్నారు.

"ఉన్నాయా అమ్మా?" అన్నారు నాన్న.

ఆమె తెర మీద నుంచి కళ్ళు తిప్పి నన్ను చూసింది. తర్వాత కుర్చీ తిప్పి నాన్న వైపు తిరిగింది.

"బియ్యం వల్ల పోయిందేమీ లేదు మాస్టారూ. చవితి ముందు రోజు తర్వాత మీ అబ్బాయి ఇందులో ఒక్క ముక్క రాయలేదు. ముందు ఇంటికి ఫోన్ చేసి అమ్మగారిని అన్నం తినమనండి."